ఎడమ చెవి మోత మీద నాంచారమ్మ విన్నపం

మొదటి రోజు

నా పేరు కొక్కిలిగడ్డ నాంచారమ్మ. వయసు డెబ్భై నాలుగు. ఊరు మూడో తెప్పలూరు. చదువు రాదు, అందుకని ఈ విన్నపాన్ని రాతపెట్టెకు నోటితో చెబుతున్నాను. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలి, మెరుగులు దిద్దకూడదు అని ముందే హెచ్చరించాను. "అలాగే నాంచారమ్మ గారూ" అంది పెట్టె. గారు తగిలిస్తే నేను మెత్తబడతానని దానికి ఎవరో నేర్పినట్టున్నారు.

మా ఊళ్ళో జరగబోయే పండగను ఆపాలనుకున్నవాళ్ళు నేరుగా సభలోకి వచ్చి అరవకూడదు. పండగ దాకా రోజూ పెట్టె ముందు కూర్చుని కారణం కొంచెం కొంచెంగా చెప్పుకోవాలి. చెప్పుకుంటూ పోతే కోపం దిగిపోయి నిజం మిగులుతుందని పెద్దలు పెట్టిన కట్టుబాటు. సభ రోజు దాకా పెట్టెను ఎవరూ తెరవరు. నా కోపం దిగుతుందన్న నమ్మకం నాకు లేదు. అయినా కట్టుబాటు కదా, కూర్చున్నాను.

నేను ఆపమంటున్నది నా కోడలు మంగతాయారు చెవి పండగ. ఇవాళ్టికి తొమ్మిదో రోజున జరుగుతుంది.

ఇది ఒడ్డు మీదివాళ్ళు కూడా వింటారట, అందుకని మా పని గురించి నాలుగు ముక్కలు చెబుతాను. మా ఊరు నీళ్ళ మీద తేలుతుంది. నేల కింద నాలుగు వందల పన్నెండు ఇనప పీపాలు ఉన్నాయి. పీపాలో గాలి ఉంటే ఊరు నిటారుగా ఉంటుంది. నీరు చేరితే ఆ మూల వంగుతుంది. పోయినసారి పడమటి మూల వంగినప్పుడు ఒకరి పులుసు గిన్నె జారుకుంటూ పక్కింటివాళ్ళ గుమ్మం దాటింది. వాళ్ళు తిరిగి ఇవ్వలేదు. అలా జరగకుండా పదిహేడు మంది ఆడవాళ్ళం రోజూ పొద్దున్నే పీపాలన్నీ కొట్టి వింటాం. ప్రతి పీపా మూత మీద ఒక గొట్టం ఉంటుంది. కుడిచేత్తో ఇనప సుత్తి, గొట్టానికి ఎడమ చెవి. గాలి ఉన్న పీపా ఖణేల్‌మంటుంది. నీరు చేరింది దబ్బుమంటుంది.

ఇలా ఏళ్ళ తరబడి కొట్టాక, ఏదో ఒకరోజు సుత్తి ఆగినా ఎడమ చెవిలో మోత ఆగదు. దాన్నే మా ఊళ్ళో తెప్ప పలికిందంటారు. తెప్ప పలికినదానికి చెవి పండగ చేస్తారు. వెండి పోగు పెడతారు. పీపాలు వినే ఆడవాళ్ళకు పెద్దను పెద్ద చెవి అంటాం, పాత పెద్ద చెవి తప్పుకున్నాక ఆ పదవి ఆమెదే. ఇప్పటి పెద్ద చెవిని నేనే.

ఇవాళ పొద్దున తాయారు చేపలు తోముతూ చెప్పింది.

"అత్తా, నాకు పలికింది."

"ఏంటి పలికింది?"

"తెప్ప. ఎడం చెవిలో. ఉయ్‌మంటా ఒకటే మోత. మూడు వారాల బట్టి." ముఖమంతా నవ్వు.

నా చేతిలో గరిటె పొయ్యి గట్టు మీద పెట్టేశాను. "మూడు వారాలా? ఇంట్లో నేనున్నాననుకున్నావా, పోయాననుకున్నావా?"

"నీకు చెబితే ఎడం చెవిలోనే కాదు, కుడి చెవిలో కూడా మోత మోగిస్తావని భయం. సోమయ్య బాబాయికి చెప్పా. పండక్కి రోజు కూడా పెట్టేశాడు."

తాయారుకు నలభై ఆరేళ్ళు. చెట్టంత మనిషి. అంత మనిషి పసిపిల్లలా మురిసిపోతుంటే పొయ్యి అక్కడే వదిలేసి లేచాను. నేను పొద్దున్నే పెట్టె దగ్గరికి వచ్చింది అందుకే.

రెండో రోజు

కట్టా సోమయ్య వచ్చాడు. మా ఊరి పెద్ద. నాకంటే పదేళ్ళు చిన్న, అక్కా అనడానికి బదులు నన్ను అప్పా అంటాడు, కానీ గొంతు మాత్రం ఊరంత. కుర్రతనంలో అతనూ సుత్తి పట్టినవాడే.

"ఏంటప్పా, విన్నపం పెట్టావంట. కోడలికి పదవి వత్తంటే అత్తకి కడుపుమంటా?"

"కడుపు చల్లగానే ఉంది సోమయ్యా. పొద్దున్నే చద్దన్నం తిన్నా. పండగ మాత్రం వద్దు."

"ఎందుకొద్దో చెప్పు."

"పెట్టెకు చెప్తన్నా. నీకు తొమ్మిదో రోజున చెప్పుద్ది."

"నీకు చేసినప్పుడు ఊరంతా పీపాలు మోగించలా? గంటసేపు కదలకుండా కూర్చున్నావు, నవ్వుతా. నేను చూశా గదా."

చూశాడు, నిజమే. మా పండగంటే అదే. మనిషిని పీపా మీద కూర్చోబెట్టి, చుట్టూ ఉన్న పీపాలన్నిటినీ ఊరంతా ఇనప సుత్తులతో మోగిస్తారు. తెప్ప మాట్లాడిన చెవికి తెప్ప చేత మళ్ళీ మాట్లాడించాలని. ఆ తర్వాత పెద్ద చెవి పని మామూలు పనికి రెండింతలు. ఎవరికి ఏ పీపా మీద అనుమానం వచ్చినా, పెద్ద చెవి వెళ్ళి పదిసార్లు కొట్టి తేల్చాలి.

సోమయ్య వెళుతూ వెళుతూ నా నడుముకున్న ఆవాల డబ్బా చూసి నవ్వాడు. "పీపాలకి దిష్టి తీయడం మాత్రం మానకప్పా. నీ ఆవాల చలవే, ఊరు నిలబడింది." నేను పీపా మీద గుప్పెడు ఆవాలు చల్లి ఎత్తుకోవడం ఊరంతా చూస్తుంది. దిష్టి అని వాళ్ళే అనుకున్నారు. నేనూ కాదనలేదు.

మూడో రోజు

ఇవాళ చెప్పాల్సింది కష్టమైనది. పెట్టెను రెండుసార్లు ఆపించి మళ్ళీ మొదలుపెట్టాను.

నాకు తెప్ప పలికినప్పుడు నలభై నాలుగేళ్ళు. ఎలా ఉంటుందే అని ఊరంతా చుట్టూ మూగి అడిగారు. నాదస్వరంలా ఉంటుందన్నాను. అబద్ధం. పొయ్యి మీద కుక్కరు కూత పెట్టబోయి పెట్టకుండా అలాగే ఉండిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. ముప్పై ఏళ్ళుగా ఆ కుక్కరును దించినవాళ్ళు లేరు. నా ముందు పెద్ద చెవి కూడా నాదస్వరమనే చెప్పింది. ఆమెకు ముందున్న పెద్ద చెవి ఏమందో తెలియదు. వెండి పోగు పెట్టుకుని, ఊరంతా దండం పెడుతుంటే, అబ్బే ఇది కుక్కరు అని ఎలా అంటాం?

రెండో సంగతి. ఆరేళ్ళ నుంచి నా ఎడమ చెవికి ఏమీ వినపడదు. మోత మాత్రం వినపడుతుంది. ఊరి పెద్ద చెవి చెవిటిది. రాయి పెట్టే, తడుముకోకు.

మరి పని ఎలా చేస్తున్నావని అడుగుతారు. అది నోటితో చెబితే నమ్మరు. పండగ రోజున చేత్తో చూపిస్తాను.

నా చెవి పోయినా నాకు బెంగ లేదు, ఈ వయసులో వినాల్సినవన్నీ విన్నాను. తాయారుకు ఇంకా బోలెడు వయసుంది. గంటసేపు ఆ పీపాల నడుమ కూర్చోబెట్టి, ఆ తర్వాత రెండింతలు కొట్టిస్తే, ఇప్పుడు సగం పోయిన చెవి మొత్తం పోతుంది. నా భయం అదీ. పండగ ఆపమన్నది అందుకే.

నాలుగో రోజు

డాక్టరు పడవ వచ్చింది. ఇరవై రోజులకోసారి ఒడ్డు నుంచి వస్తుంది. డాక్టరు పేరు నూర్జహాన్. మెత్తగా మాట్లాడుతుంది గానీ మాట దాటనివ్వదు. తాయారు రానంటే రానంది. ఇది జబ్బు కాదు, తెప్ప మాట అంది. రెక్క పట్టుకుని పడవెక్కించాను. నన్ను వదిలించుకోవడం దానికి ఇరవై ఏళ్ళుగా చేతకాలేదు.

డాక్టరు ముందు ప్రశ్నలు వేసింది. మోత ఎప్పుడూ ఉంటుందా, వచ్చి పోతుందా? గుండె కొట్టుకున్నట్టు లయగా ఉంటుందా? కళ్ళు తిరుగుతాయా? వినికిడి ఉన్నట్టుండి తగ్గిందా, మెల్లగా తగ్గిందా? ఏం మాత్రలు మింగుతున్నావు? దవడ నొప్పా? తర్వాత దీపం పెట్టి చెవిలోకి చూసింది. చూసి, ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"ఇందులో నూనె పోసిందెవరు?"

"మా అత్త," అంది తాయారు వెంటనే. "నిన్న. వెల్లుల్లి వేసి కాచింది."

"చెవిలో పోపు పెట్టకండమ్మా," అంది డాక్టరు నాతో. "లోపల పొరకి చిల్లు ఉండి ఉంటే ఏమయ్యేది?"

తప్పేనన్నాను. ఆ మాట అనడం నాకు అరుదు కాబట్టి ఇక్కడ రాయిస్తున్నాను.

డాక్టరు సెనగ్గింజంత గుబిలి తీసి పళ్ళెంలో వేసింది. చెవిలో గుబిలి అడ్డుపడినా మోత రావచ్చట. తీశాక కూడా మోత తగ్గలేదు. అప్పుడు తాయారును గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, శబ్దం వినపడినప్పుడల్లా మీట నొక్కమంది. కుడి చెవి బాగుంది. ఎడమ చెవికి సన్నని శబ్దాలు అందడం లేదు.

"మోత అనేది జబ్బు పేరు కాదు," అంది డాక్టరు. "లోపల ఏదో సరిగా లేదని చెప్పే గుర్తు. గుబిలి వల్ల రావచ్చు, చెవి వెనక నీరు చేరితే రావచ్చు, కొన్ని మందుల వల్ల రావచ్చు, వయసు వల్ల రావచ్చు. మీ ఊళ్ళో అయితే నాకు ముందు ఆ సుత్తి మీదే అనుమానం. కానీ రెండు చెవుల్లో కాకుండా ఒక్కదాంట్లోనే ఉంటే, ఇంకొకటి కూడా చూడాలి. వినికిడి నరం మీద చిన్న గడ్డ ఉండొచ్చు. చాలా అరుదు. అయినా చూడకుండా వదలకూడదు. తల లోపల చూసే యంత్రం ఒడ్డున ఉంది, నాతో రావాలి."

తాయారు ముఖంలో నవ్వు పోయింది. నేను దాని రెక్క మళ్ళీ పట్టుకున్నాను. పారిపోకుండా అని తాయారుకు చెప్పాను.

డాక్టరు నన్ను కూడా గాజు గదిలో కూర్చోబెట్టింది. ఎడమ పక్క ఒక్కసారి కూడా మీట నొక్కలేదు. బయటికి వచ్చాక నా వంక చూసింది. "చెప్పకు," అన్నాను మెల్లగా. "నేను ఎవరికీ చెప్పనండీ. చెప్పాల్సింది మీరే," అంది.

ఐదో రోజు

తాయారు ఒడ్డుకు వెళ్ళింది. దాని వాటా పీపాలు ఇరవై నాలుగూ నేనే చూశాను. ఇంట్లో వంట నేనే చేసుకున్నాను. పులుసులో ఉప్పు ఎక్కువైంది. వంక పెట్టడానికి మనిషి లేదు.

ఆరో రోజు

ఏమీ చెప్పను. "మీరు దిగులుగా ఉన్నారా నాంచారమ్మ గారూ" అని అడిగింది పెట్టె. నీ పని నువ్వు చూసుకో అన్నాను.

ఏడో రోజు

వీధిలో ఆడవాళ్ళు పండక్కి సుత్తులు తోముతున్నారు. సోమయ్య వెండి పోగు చింతపండుతో రుద్దించి అందరికీ చూపిస్తున్నాడు. ఒడ్డు నుంచి కబురు లేదు. తాయారు చీరలన్నీ ఉతికి ఆరేశాను, అవి మాసినవి కాకపోయినా.

ఎనిమిదో రోజు

తాయారు సామాన్ల పడవలో వచ్చింది. గడ్డ లేదు.

ఈ ముక్క రాయించి, పెట్టెను కాసేపు ఆగమన్నాను.

నష్టమంతా సుత్తిదే. పక్కనే ఇనప మోత ఇరవై రెండేళ్ళుగా పడి చెవిలోని సన్నని వెంట్రుకల్లాంటివి కొన్ని చచ్చిపోయాయట. అవి మళ్ళీ మొలవవు. మోతను ఒక్కసారిగా తుడిచేసే మందు లేదని డాక్టరు చెప్పిందట. చెవి వెనక పెట్టుకునే చిన్న యంత్రం ఇచ్చింది. తగ్గిన శబ్దాలను అది పెంచి వినిపిస్తుంది, అప్పుడు మోత వెనక్కి పోతుంది. పూర్తి నిశ్శబ్దంలో కూర్చోవద్దంది, పక్కన ఏదో ఒక మెత్తటి చప్పుడు ఉండనివ్వమంది. మోత మీదే మనసు పెట్టకపోతే కొన్ని నెలల్లో బుర్ర దాన్ని పట్టించుకోవడం మానేస్తుందట. చాలామందికి అలాగే సర్దుకుంటుందంది. పెద్ద శబ్దాల దగ్గరికి మాత్రం ఇక వెళ్ళవద్దంది.

"విన్నావుగా. రేపటి పండగ లేదు," అన్నాను.

తాయారు సంచీ సర్దుతూ ఆగింది. "ఉంది."

"డాక్టరు ఏం చెప్పింది?"

"డాక్టరు ఈ ఊళ్ళో పుట్టలా అత్తా. ఇరవై రెండేళ్ళు కొట్టా. వానలో కొట్టా, జ్వరంలో కొట్టా. ఆ పోగు కోసం గాదూ? ఒక్క గంట. దూది పెట్టుకుంటా."

"ఆ గంటతో అయిపోదే. ఆ తరవాత రోజూ రెండింతలు."

"నువ్వు చెయ్యలా? నీకు దక్కింది నాకెందుకొద్దంటన్నావు? నీకు నాదస్వరం, నాకేమో జబ్బా?"

కోడలు నన్ను చాలా అంది ఈ ఇరవై ఏళ్ళలో. ఇంత సూటిగా తగిలింది ఎప్పుడూ లేదు. తప్పు నాదే. నా నాదస్వరమే దాన్ని అక్కడ కూర్చోబెడుతోంది.

"రేపు రా," అన్నాను. "కూర్చో పీపా మీద. కానీ ముందు నా విన్నపం విను."

తొమ్మిదో రోజు

ఎండ ఎక్కకముందే ఊరంతా నడిమి తెప్ప మీద చేరింది. తాయారు పచ్చచీర కట్టుకుని పీపా మీద కూర్చుంది. చుట్టూ సుత్తులు. సోమయ్య చెయ్యి ఎత్తబోతుంటే నేను లేచాను.

"సోమయ్యా, నా విన్నపం ఉంది."

"పెట్టె తెరిపిత్తా అప్పా, కూకో."

"పెట్టె తరవాత. ముందు నేను." నా కుడి చెవిలో దూది కుక్కి, పైన తుండుగుడ్డ చుట్టి కట్టాను. "నా ఎడం పక్కకొచ్చి ఏదో ఒకటి అను."

సోమయ్య వచ్చాడు. ఏదో అన్నాడు. నేను ముందుకే చూస్తూ నిలబడ్డాను. మళ్ళీ అన్నాడు, ఈసారి పొడుగ్గా. జనం నోళ్ళు తెరిచి పడీ పడీ నవ్వుతున్నారు. ఏదో తిట్టాడని నవ్వులను చూసి తెలుసుకున్నాను. గుడ్డ విప్పి అడిగాను.

"ఏమన్నాడే?"

ముందు వరసలోని వీరమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. వీరమ్మ కూడా మా పదిహేడు మందిలో ఒకత్తె. "ముసల్ది మొండిది, మొసలి కంటే మొండిది అన్నాడు."

"ఒక్క ముక్క వినపడలా," అన్నాను. "ఆరేళ్ళ బట్టి ఈ చెవికి ఏదీ వినపడదు. మీ పెద్ద చెవి చెవిటిది. ఇది వయసు వల్ల పోలా. సుత్తి వల్ల పోయింది. పలికింది తెప్ప కాదు, చెవి. చచ్చిపోతన్నా అని."

నవ్వులు ఆగిపోయాయి. సోమయ్య తేరుకున్నాడు. "మరి ఆరేళ్ళ బట్టి పీపాలు ఎవరు చూత్తన్నారు? ఒక్కటి మునగలేదే."

"ఆవాలు."

నడుము నుంచి డబ్బా తీశాను. రెండో చేత్తో కొంగు కింద దాచిన పప్పుగుత్తి తీశాను. తాయారు కూర్చున్న పీపా పక్కదాని మూత మీద ఆవాలు చల్లి, పప్పుగుత్తితో మెల్లగా ఒక్క దెబ్బ వేశాను. ఆవాలు చిటపటలాడినట్టు ఎగిరి పడ్డాయి. మరో పీపా. అక్కడా ఎగిరాయి. ఇలా నడుస్తూ రెండు వందల ఎనిమిదో పీపా దగ్గర ఆగాను. చల్లాను. కొట్టాను. ఆవాలు కునుకు తీస్తున్నట్టు కదలకుండా పడుకున్నాయి.

"ఇందులో నీరుంది. నిన్న చూసి గుర్తు పెట్టుకున్నా."

సోమయ్య ఇనప సుత్తితో కొట్టి, ఎడమ చెవి గొట్టానికి ఆనించాడు. "ఏమీ లేదే. ఖణేల్‌మంటంది."

"పంపు పెట్టు."

పెట్టారు. రెండు బకెట్ల నీళ్ళు వచ్చాయి. సోమయ్య బకెట్ల వంక చూశాడు, తన సుత్తి వంక చూశాడు, ఆ తర్వాత తన ఎడమ చెవి మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయాడు.

ముందుగా వీరమ్మ మాట్లాడింది. "నాంచారమ్మొదినా, నాకూ నాలుగేళ్ళ బట్టి మోతుంది. నాదస్వరం కాదు. దోమ."

"నాకు పాత ఫ్రిజ్జు," అంది ఇంకొకామె.

"నాకు జల్లెడ పట్టినట్టు."

"నాకు దూరంగా ఎవరో రంపం కోత్తన్నట్టు. నాలో ఏదో లోపముండి నాదస్వరం రాలేదనుకున్నా."

పదిహేడు మందిలో పదకొండు మందికి మోత ఉందని తేలింది. నాదస్వరం ఒక్కరికీ లేదు. చివరికి సోమయ్య కూడా బకెట్ పక్కన కూర్చుని, "నాకు ఈల," అన్నాడు. "రైలు ఈల. రైలు మాత్రం రాదు." ఆ మాటకు ఊరంతా నవ్వింది, తాయారు తప్ప.

తాయారు పీపా మీద అలాగే కూర్చుని ఉంది. సోమయ్య రుద్దించిన పోగు పక్కన పెట్టమని దాని ముందుకు వెళ్ళాను. నేను పెట్టుకున్న పోగు ముప్పై ఏళ్ళుగా తీయలేదు, బిగుసుకుపోయింది. వీరమ్మ సబ్బు తెచ్చింది. తీశాను.

"ఎడం చెవి ఇటు తిప్పమంటాననుకుంటన్నావేమో," అన్నాను. "కుడిది తిప్పు."

"కుడి చెవికా? అది పలకలేదు గదత్తా."

"అది వింటది. పోగు వినే చెవికే."

తాయారు జడ వెనక్కి వేసుకుని కుడి చెవి తిప్పింది. పోగు పెట్టి, ఆవాల డబ్బా ఒళ్ళో పెట్టాను. పప్పుగుత్తి అడిగితే మాత్రం ఇవ్వలేదు. అది వంటింటిది.

సుత్తులు ఎవరూ ఎత్తలేదు, పెట్టె తెరిపించే పనీ పడలేదు. పాయసం అందరూ తాగారు.

పదకొండో రోజు

పండగ దాటినా విన్నపానికి ముగింపు చెప్పాలట, అందుకని మళ్ళీ కూర్చున్నాను. ఇనప సుత్తులు సామాన్ల గదిలోకి పోయాయి. పదిహేడు పప్పుగుత్తులు చెక్కుతున్నారు. డాక్టరు పడవ మళ్ళీ వచ్చినప్పుడు మా ఆడవాళ్ళందరినీ, సోమయ్యను కూడా గాజు గదిలో కూర్చోబెడతానందట.

తాయారు మంచం పక్కన చేపల తొట్టి పెట్టుకుంది. గాలి బుడగల గుడగుడకు మోత వెనక్కి పోతోందట. డాక్టరు పంపితే సామాన్ల పడవలో నాకూ ఒక యంత్రం వచ్చింది. నా ఎడమ చెవిని డాక్టరు కూడా బతికించలేదట. ఎడమ పక్క మాటను పట్టి కుడి చెవికి మోసుకొచ్చే యంత్రం అది. వద్దని గంటసేపు పోట్లాడి పెట్టుకున్నాను.

ఇవాళ పొద్దున వంటింట్లో తాయారు నా ఎడమ పక్కన కూర్చుని కూర తరుగుతోంది. ఇంట్లో అయినా దారిలో అయినా అది ఎప్పుడూ నాకు ఎడమ పక్కనే ఉంటుంది. దాని అలవాటు అనుకునేదాన్ని. ఉన్నట్టుండి దాని గొంతు వినపడింది, మెల్లగా, తనలో తాను.

"ఈ ముసల్ది ఇంట్లో ఆవాలన్నీ పీపాల పాలు చేసింది. పోపులోకి గింజ లేదు."

"వినపడింది," అన్నాను.

కత్తిపీట దగ్గర చెయ్యి ఆగింది. "ఏంటత్తా?"

"ఆరేళ్ళ బట్టి ఈ పక్కన కూకుని తిడతన్నావన్నమాట. నాకు వినపడదని నీకు తెలుసా?"

"తెలవకేం? వయసు వల్లనుకున్నా." తాయారు మళ్ళీ కూర తరగడం మొదలుపెట్టింది. "తిట్టడానికే అయితే ఇంట్లో కూకుంటే చాలు గదా. దారంట కూడా ఆ పక్కనే ఎందుకు నడుత్తన్నా? ఆ పక్క నుంచి సామాన్ల బండ్లొత్తే నీకు తెలవదు."

నేను ఆవాలు లేని పోపులోకి తరిగిన కూర ఎత్తి పోశాను.

"అత్తా, నిజంగా నీకెలా ఉంటది మోత?" అంది. ముప్పై ఏళ్ళలో, నాదస్వరం తర్వాత, నన్ను ఈ మాట అడిగిన మొదటి మనిషి అది.

కుక్కరు అని చెప్పాను. ఎంత గట్టిగా, ఎప్పుడెక్కువ, ఎప్పుడు తక్కువ, అన్నీ చెప్పాను. కూర మాడింది. మాడిన కూరే తిన్నాం.

నా విన్నపం ఇంతటితో సరి. చదివి వినిపించమంటారా అని పెట్టె అడుగుతోంది. నువ్వొద్దు, తాయారు చదువుతుంది అన్నాను. ఎడమ పక్కన కూర్చుని.